పచ్చిచీల

కొట్టం రేకులు ఊడదీసే పని హ్యూబర్ట్ ప్రీస్ మంగళవారానికి పెట్టుకున్నాడు. మంగళవారం మార్జరీ బఫ్టన్ కింగ్టన్ సంతకు వెళ్తుంది. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు గాని తిరిగి రాదు. ఎవరూ లేనప్పుడు చేసుకోవలసిన పని అది అని అతను తనలో తాను కూడా అనుకోలేదు. సోమవారం వాన పడేటట్టుంది, బుధవారం చర్చి గేటు బాగుచేయాలి, అందుకని మంగళవారం అనుకున్నాడు. మనిషి తనతో తాను అబద్ధమాడేటప్పుడు వానలకూ చర్చి గేట్లకూ కరువుండదు.

అతనికి అరవై ఏడేళ్ళు. పాత పద్ధతిలో ఓక్ దూలాలు చెక్కి నిలబెట్టే వడ్రంగుల్లో వోల్టన్ చుట్టుపక్కల మిగిలింది అతనొక్కడే. బఫ్టన్ల కొట్టం మూడువందల యాభై ఏళ్ళనాటిది. ఒక్క ఇనుప మేకు లేకుండా, కొయ్యలో కొయ్య దూర్చి, అడ్డంగా కొయ్యచీలలు దిగగొట్టి కట్టింది. అయిదు అంకణాల్లో నాలుగు ఇప్పటికీ రాయిలా నిలబడి ఉన్నాయి. అయిదోది, తూర్పు చివరది, పద్దెనిమిదేళ్ళుగా లేదు. అక్కడ ఒంటరిగా మిగిలిపోయిన మూల స్తంభానికి ఇనుప దన్ను పెట్టి, ముందంతా రేకులు కొట్టేశారు.

ఈ ఏడు కౌన్సిల్ వాళ్ళు ఆ కొట్టాన్ని పడగొట్టకూడని కట్టడాల పట్టీలో చేర్చారు. పోయిన అంకణం మళ్ళీ కట్టుకుంటే సగం ఖర్చు మేమిస్తామన్నారు. గురువారం వాళ్ళ మనిషి వస్తాడు. కోడిగుడ్ల కోసం తడిమే ఇల్లాలిలా ప్రతి గూట్లోనూ వేలు పెట్టి చూసి, ప్రతి అతుకునూ పుస్తకంలో బొమ్మ గీసుకునే మనిషి ఆయన.

పని ఒప్పజెప్పిన రోజు మార్జరీ వాకిట్లో కర్రకు ఆనుకుని నిలబడి మాట్లాడింది.

"చూడు హ్యూబర్ట్, నేను పోయేలోపు ఆ కొట్టానికి దాని తోక మళ్ళీ అతికించాలని ఉంది. పద్దెనిమిదేళ్ళుగా నాలాగే అవిటిదై నిలబడింది పాపం."

"మీరు ఇంకో ఇరవయ్యేళ్ళుంటారండీ, మిసెస్ బఫ్టన్."

"నీ నోరు పడ! ఈ తుంటితో ఇరవయ్యేళ్ళా? శాపనార్థాలు ఆపి పని చూడు. నువ్వు తప్ప ఇంకెవరున్నారు చెయ్యడానికి? ఉన్న ఇంకొకడు ఆ పచ్చిచీల. మీ బావమరిది మంచివాడే, కాదనను. చర్చిలో వచ్చి నా పక్కన కూర్చుంటే లేచిపోను. కానీ వాడు చేసిన చీల నా కొట్టంలో ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు. విన్నావా?"

"అలాగేనండీ," అన్నాడు హ్యూబర్ట్.

పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట అనడం అతనికి అలవాటైపోయింది. అన్న ప్రతిసారీ తేలు కుట్టిన దొంగలా లోపల ముడుచుకుపోవడం కూడా అలవాటే.

పచ్చిచీల అంటే ఆల్బన్ గ్విలియం. హ్యూబర్ట్ భార్య ఓలివ్‌కి అన్న. చిన్నప్పటి నుంచీ హ్యూబర్ట్‌కి జోడు. ఇద్దరూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారు. హ్యూబర్ట్ అతుకులు కోసేవాడు, ఆల్బన్ చీలలు చేసేవాడు. చీల అంటే పుల్ల ముక్కే కదా అనుకుంటారు తెలియనివాళ్ళు. కట్టడానికి వాడే దూలం పచ్చిగా ఉన్నా ఫరవాలేదు, అది ఎండుతూ బిగుసుకుంటుంది. చీల మాత్రం ఎండి ఎముకలా ఉండాలి. పచ్చి చీల దిగగొడితే ఆరాక సన్నబడుతుంది, అతుకు వదులవుతుంది, ఏదో ఒకనాడు గాలికి కట్టడం నడుము విరుగుతుంది. అందుకే ఆ పనివాళ్ళలో పచ్చి చీల కొట్టాడు అనిపించుకోవడం కంటే పెద్ద తిట్టు లేదు. దొంగ అన్నా తలెత్తుకుని తిరగొచ్చు.

ఆ తిట్టు ఆల్బన్‌కి పేరైపోయింది.

అసలు జరిగింది ఇది. నలభై తొమ్మిదిలో, యుద్ధం తర్వాత, ఇనుము దొరకని రోజుల్లో, మార్జరీ భర్త టామ్ బఫ్టన్ కుళ్ళిపోయిన ఆ తూర్పు అంకణాన్ని తన కంచెల్లోని ఓక్ చెట్లతోనే కొత్తగా కట్టించాడు. స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా పెట్టే దన్నుకొయ్య పుట్టుకతోనే వంపు తిరిగిన కొమ్మ అయి ఉండాలి. అలాంటి కొమ్మ కోసం ఆల్బన్ రెండు శీతాకాలాలు కంచెలన్నీ గాలించాడు. చివరికి దొరికినదాన్ని భుజాన మోసుకొచ్చి, "ఇదిగో బావా, దేవుడే వంచి పెట్టాడు, నువ్వు పాడుచెయ్యకపోతే చాలు," అన్నాడు.

హ్యూబర్ట్ పాడుచేశాడు.

దన్నుకొయ్య చివర నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన గూట్లోకి దూర్చి, పక్క నుంచి బెజ్జం చేసి చీల కొడతారు. చీల ఆ నాలుకలోంచి దూరి అవతలికి వెళ్ళాలి. నాలుక కోయడానికి కొయ్య మీద రెండు గీతలు గీస్తారు, ఒకటి మొదలుకు, ఒకటి చివరకు. మర్నాడు పొద్దున కట్టడం నిలబెట్టాలి. దూలాలెత్తడానికి నలభైమందిని పిలిచారు. సైడర్ అనే ఆపిల్ కల్లు పీపాలు దిగాయి, ఒక పీపా మూత అప్పుడే లేచింది కూడా. ఆ సాయంత్రం నవ్వుతూ, తాగుతూ, ఎవరితోనో పందెం వేస్తూ హ్యూబర్ట్ తప్పు గీత మీద రంపం పెట్టాడు. నాలుక రెండంగుళాలు పొట్టిదైపోయింది.

ఒక్కొక్క కొయ్యనూ దాని చోటుకే కొలిచి కోస్తారు కాబట్టి అక్కడ ఇంకోటి పట్టదు. అలాంటి వంపు కొమ్మ మళ్ళీ దొరకాలంటే ఇంకెన్ని శీతాకాలాలో. నలభైమందిని వెనక్కి పంపి, నేను తాగి రంపం తప్పు పెట్టాను అని చెప్పాలి. హ్యూబర్ట్ చెప్పలేదు. పొట్టి నాలుకను గూట్లోకి తోశాడు, చీల దిగగొట్టాడు. చీల ఖాళీ గూట్లోంచి వెళ్ళి అవతల తేలింది. బయటినుంచి చూస్తే ఎంత చక్కటి అతుకో.

యాభై మూడు మార్చిలో మూడు రోజుల గాలివాన వచ్చింది. గుర్రం బెదురుతోందని చూడ్డానికి మార్జరీ కొట్టంలోకి వెళ్ళింది. దన్నుకొయ్య గూట్లోంచి ఊడి వచ్చింది, దూలం జారింది, అంకణమంతా కూలింది. గుర్రం చచ్చిపోయింది. మార్జరీని పెంకుల కిందనుంచి మొదట లాగింది హ్యూబర్టే. ఆమెను తలుపు చెక్క మీద పడుకోబెట్టి జనం ఇంట్లోకి మోసుకుపోతుంటే అతను వెనక ఉండిపోయి, కూలిన కుప్పలోంచి ఆ దన్నుకొయ్యను వెతికి, చివర కోసేసి, పొయ్యిలో పెట్టాడు. స్తంభానికి మిగిలిన గూడు కనబడకుండా పలక కొట్టాడు.

రెండు రోజులకు బీమా మనిషి వచ్చాడు. మూడు రోజుల వానలో నానిన కుప్పలోంచి ఒక చీల తీసి, గోరుతో నొక్కి, "ఇవి పచ్చివి పెట్టినట్టున్నారే, కదూ?" అన్నాడు. వానకు నానిన చీల మెత్తగా ఉండదా? అడిగినవాడు చెక్కపని తెలియని గుమాస్తా. తెలిసినవాడు పక్కనే ఉన్నాడు. ఆల్బన్ కూడా అక్కడే ఉన్నాడు. అతను బీమా మనిషి వంక చూడలేదు. హ్యూబర్ట్ వంక చూశాడు.

హ్యూబర్ట్ అవునన్నట్టు తల ఊపాడు.

అంతే. ఒక్క మాట కూడా అనలేదు. అనలేదు కదా అని మొదట్లో చాలాకాలం తనను తాను ఓదార్చుకున్నాడు కూడా. ఆల్బన్ ఆ వారమే పనిముట్లు అమ్మేసి, రోడ్ల పక్క కాలువలు తీసే కూలీగా కౌన్సిల్లో చేరాడు. వేరే ఊరు పోలేదు. ఊరు కూడా అతన్ని వదల్లేదు. బడికెళ్ళే పిల్లలు కూడా అర్థం తెలియకుండానే "పచ్చిచీలా!" అని కేక పెట్టి పరిగెత్తేవారు. సొంత చెల్లెలు ఓలివ్ రెండేళ్ళు అన్నతో మాట్లాడలేదు. "మార్జరీ ఆ విరిగిన తుంటితో కుంటుకుంటూ చర్చికి వస్తుంటే నాకు తలెత్తాలనిపించదు," అనేది. హ్యూబర్ట్ రొట్టె నములుతూ వినేవాడు.

ఇప్పుడు రేకులు ఊడదీసి, పలక కింద ఉలి పెట్టి లేపాడు. తుప్పు మేకులు కీచుమని వచ్చేశాయి. గూడు చీకటిగా ఉంది, సాలెగూడు పట్టింది. వేలితో సాలెగూడు తుడిచాడు. గూటికి అడ్డంగా చీల ఉంది.

తిన్నగా, శుభ్రంగా, నిన్న పెట్టినట్టు ఉంది. బరువు మోసిన చీల వంగుతుంది, నలుగుతుంది, తెగుతుంది. ఇది దేన్నీ మోయలేదు. పనితెలిసిన వాడెవడైనా ఒక్కసారి ఇందులో వేలు పెడితే చాలు. గురువారం వచ్చే మనిషికి పని తెలుసు.

దాన్ని తీసేయడానికి హ్యూబర్ట్‌కి రెండు దెబ్బలు పట్టాయి. కొట్టే ముందు ఆలోచించాడా అంటే ఆలోచించాడు. ఆల్బన్ పేరు కడిగేందుకు ఈ లోకంలో మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే అని అతనికి బాగా తెలుసు. తెలిసే కొట్టాడు. పద్దెనిమిదేళ్ళ కిందటి తప్పుకి సైడర్ మీద నెపం వేయొచ్చు. ఈ తప్పు పట్టపగలు, టీ తప్ప ఏమీ తాగకుండా, నిదానంగా చేసింది. చీలను కోటు జేబులో వేసుకుని, ఖాళీ గూట్లో ఇంత మట్టి కుక్కి, రంపపు పొట్టు అద్ది, ఎలుక గూడులా కనబడేట్టు చేశాడు. ఆ పనితనం వంక మళ్ళీ చూడకుండా పనిముట్లు సర్దుకున్నాడు.

సైకిల్ తోసుకుంటూ ఇంటికి పోతుంటే, కొండ మలుపు దగ్గర కాలువలోంచి ఒక టోపీ లేచింది.

"ఏం బావా, సైకిల్ ఎక్కకుండా తోసుకెళ్తున్నావ్? దానికి కాళ్ళ నొప్పులా?" అన్నాడు ఆల్బన్.

"గాలి తగ్గింది."

"నీకా, సైకిల్‌కా?" పార గట్టు మీద గుచ్చి పైకి వచ్చాడు. పొడుగాటి మనిషి, చేతులు ఇప్పటికీ వడ్రంగి చేతులే. కాసేపు వాన గురించి, గొర్రెల గురించి మాట్లాడాడు. తర్వాత టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, "బఫ్టన్ల తూర్పు అంకణం విప్పుతున్నావటగా," అన్నాడు.

"ఆ. ఇవాళే మొదలెట్టా."

"ఒక్క సాయం చెయ్యి బావా. ఆ స్తంభంలో నా చీల ఎక్కడైనా, సగం ముక్కయినా సరే, మిగిలిపోతే తెచ్చిపెట్టు. ఒక్కసారి చూసుకుంటా."

హ్యూబర్ట్ చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. "ఏం లేవు. అన్నీ పోయాయి. ఎలుకలు గూడు పెట్టాయి."

"ఓ," అన్నాడు ఆల్బన్. ఆ ఒక్క అక్షరంలో ఎంత నిరాశ ఉందో వినడానికి చెవులక్కర్లేదు. "సరేలే. రా, టీ తాగి పో. గాలి తగ్గిన సైకిల్‌తో ఎక్కడికి పోతావ్."

టీ అయ్యాక ఆల్బన్ అతన్ని పెరటి పాకలోకి తీసుకెళ్ళాడు. ఈ పద్దెనిమిదేళ్ళలో హ్యూబర్ట్ ఆ పాకలోకి అడుగు పెట్టలేదు. పందికి దాణా పెట్టుకుంటాడు కాబోలనుకున్నాడు. లోపల గోడంతా అరలు. అరల నిండా చీలలు. ఒక్కో అరకి సుద్దతో ఒక్కో సంవత్సరం రాసి ఉంది. మధ్యలో ఓక్ దిమ్మలకు బెజ్జాలు చేసి, చీలలు దిగగొట్టి, వాటికి రాళ్ళ బుట్టలు వేలాడదీసి ఉన్నాయి.

"నవ్వకు," అన్నాడు ఆల్బన్. "పిచ్చి అనుకున్నా ఫరవాలేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ అలాగే అనుకుంది. ఇవి పూర్తిగా పచ్చివి. ఇవి ఆర్నెల్లు ఎండినవి. ఇవి ఏడాది. అదే చెట్టు, అదే కత్తి, అదే చెయ్యి. ఎంత పచ్చి చీల కొడితే ఎంత బరువుకు ఎన్నేళ్ళకు పోతుందో చూద్దామని."

"ఏం తేలింది?" అని హ్యూబర్ట్ అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"అదే తేలట్లేదు బావా! పూర్తి పచ్చిది కొట్టినా నాలుగేళ్ళలో వదులవుతుందే గానీ అలా ఒక్క ఊపున ఊడిపోదు. నేను ఎంత చెత్తగా చేద్దామని చూసినా అంత చెత్తగా రావట్లేదు." అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నాకు గుర్తున్నంత వరకు ఆ కొట్టానికి నేను తీసిన బుట్టలోవి మూడేళ్ళు పొయ్యి మీద ఆరినవి. కానీ నువ్వు తల ఊపావు కదా. నువ్వు చూశావంటే చూసినట్టే. నేను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మాలి? ఎక్కడో బుట్ట మార్చి తీసుంటా. ఎప్పుడు మార్చానో ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. ఆవిడ తుంటి విరగ్గొట్టినవాణ్ణి, కనీసం ఎలా విరగ్గొట్టానో తెలియాలి కదా."

కిటికీ దగ్గర చితుకుల మోపులు కట్టి ఉన్నాయి. అవి మార్జరీకి. కాలం మారినా పండగ దాటినా ప్రతి శనివారం ఒక మోపు తీసుకెళ్ళి ఆమె మెట్టు మీద పెట్టి, తలుపు కొట్టకుండా వచ్చేస్తాడట.

ఆ క్షణాన హ్యూబర్ట్‌కి పుట్టింది మంచితనం అని నేననను. అంతకు రెండు గంటల ముందు అది ఎటు పోయిందో మరి. సిగ్గు అది. ఆ అరల మధ్య ఇంక నిలబడలేక అతను జేబులోంచి చీల తీసి దిమ్మ మీద పెట్టాడు.

ఆల్బన్ దాన్ని చూశాడు. ముట్టుకోకుండానే గుర్తుపట్టాడు. ఎనిమిది పలకలు, కొస దగ్గర చిన్న మలుపు, ఆ మలుపు ఇంకెవరూ పెట్టరు. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చేతిలో తిప్పాడు. గోరుతో నొక్కాడు. దిమ్మ మీద దొర్లించాడు, అది తిన్నగా దొర్లింది. పంటి కింద పెట్టి చూశాడు.

"ఎండింది," అన్నాడు.

"ఆ."

"ఏ గూటిది?"

"తూర్పు స్తంభం. పై గూడు."

"ఊడిన దన్నుకొయ్యదా?"

"దానిదే."

ఆల్బన్ మళ్ళీ తిప్పాడు. "ఒక్క నొక్కు లేదు బావా. ఇది దేన్నీ పట్టుకోలేదు."  అతని బొటనవేలు చీల మీద అటూ ఇటూ నడుస్తూనే ఉంది. "నాలుక ఎంత పొట్టిది?"

"రెండంగుళాలు. తప్పు గీత మీద కోశా. ముందురోజు సాయంత్రం. తాగున్నా."

"దన్నుకొయ్య చివర..."

"కాల్చేశా."

"మరి తల ఎందుకు ఊపావ్?"

దీనికి హ్యూబర్ట్ దగ్గర పద్దెనిమిదేళ్ళుగా తయారుచేసి పెట్టుకున్న జవాబులు బోలెడున్నాయి. ఇంట్లో ఓలివ్, ఊళ్ళో పరువు, పోయే పని. ఒక్కటీ నోటికి రాలేదు. "భయమేసింది," అన్నాడు. "ఇవాళ కూడా భయమేసింది. ఎలుకల మాట అబద్ధం. నేనే తీసి దాచా."

కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండును అనుకున్నాడు. ఆల్బన్ చీలను చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు.

"ఓలివ్‌కి తెలుసా?"

"లేదు."

"ఎప్పుడూ చెప్పలేదా? ప్రాణం పోయే ముందు కూడా?"

"లేదు."

ఆల్బన్ మేకుకు తగిలించిన కోటు తీసుకున్నాడు. "నాలుగు బస్సు వచ్చేసుంటుంది. పద."

"రేపు చెప్తా, ఆల్బన్. పొద్దున్నే వెళ్ళి..."

"రేపటికి నీకు మళ్ళీ భయమేస్తుంది. పద."

ఇద్దరూ మార్జరీ ఇంటివైపు నడిచారు. హ్యూబర్ట్ సైకిల్ తెచ్చుకోవడం కూడా మర్చిపోయాడు. ఎదురొచ్చిన పాలవాడు హుషారుగా, "ఏరా పచ్చిచీలా, బావతో కలిసి ఎటు?" అన్నాడు. ఆల్బన్ ఎప్పటిలాగే చెయ్యెత్తి పలకరించాడు. హ్యూబర్ట్ మాత్రం తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ పేరు తన చెవిన పడ్డ ప్రతిసారీ తను ఇలాగే పక్కకు చూశాడని అతనికి గుర్తొచ్చింది.

మార్జరీ అప్పుడే సంత నుంచి వచ్చినట్టుంది, టోపీ కూడా తీయలేదు. వంటింటి తలుపు తెరిచి, ఇద్దర్నీ చూసి కనుబొమలెత్తింది. "ఇదేమిటి, ఇద్దరూ కలిసే! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ," అని హ్యూబర్ట్ గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలెట్టాడు. రెండు గీతల దగ్గర మొదలుపెట్టి ఎలుకల గూడు దాకా చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలెట్టలేనని తెలుసు. మార్జరీ కర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టి విన్నది. ఆమె ముఖంలో రంగు మారింది గానీ, అడ్డుపడలేదు.

"పద్దెనిమిది క్రిస్మస్‌లు," అంది చివరికి. "క్రిస్మస్‌కి ఒకటి చొప్పున నీకు బాతు పంపాను. పెంకుల కిందనుంచి నన్ను బయటికి లాగావని."

"అవునండీ."

"తిన్నావా?"

"తిన్నానండీ."

"రుచిగానే ఉన్నాయనుకుంటా." ఆమె కర్రను నేలకేసి కొట్టింది.  "ఆ రాత్రి నొప్పితో నేను అరుస్తుంటే నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. నేను దేవుడికి దండం పెట్టుకుంటూ, వీడు నా ప్రాణం నిలబెట్టాడు, వీడి ఇల్లు చల్లగా ఉండాలి అనుకున్నాను. నీ పొయ్యిలో నా కొట్టం కొయ్య తగలబడుతోందన్నమాట అప్పుడు."

 

ఆమె ఆల్బన్ వైపు తిరిగింది. అతను ఇంకా మెట్టు మీదే ఉన్నాడు. "లోపలికి రా ఆల్బన్. అక్కడ చలి. రా, కూర్చో."

అతను బూట్లు చాలాసేపు తుడుచుకుని లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మార్జరీ అతని ఎదురుగా కూర్చోవడానికి తంటాలు పడింది, తుంటి సహకరించలేదు. హ్యూబర్ట్ సాయం చేయబోతే కర్రతో ఆపింది.

"నిన్ను ఏమని అడగాలో నాకు తెలియట్లేదు," అంది ఆల్బన్‌తో. "నేనూ అన్నాను ఆ పేరు. పోయిన వారం కూడా అన్నాను, వీడి ఎదురుగానే. ఊరందరికీ వీడితో చెప్పిస్తాను. ప్రతి గడపకీ వెళ్ళి చెప్తాడు. వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్తాడు. చెప్పవా?"

"చెప్తానండీ," అన్నాడు హ్యూబర్ట్.

"అది కాక ఇంకేం కావాలో అడుగు, ఆల్బన్. నా దగ్గరున్నది ఏదైనా సరే, వీడి దగ్గరున్నది ఏదైనా సరే."

ఆల్బన్ టోపీని మోకాళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. నిజంగానే ఆలోచించాడు. అడిగినదానికి సరైన జవాబు చెప్పాలని చూసే మనిషి అతను.

"నాకేం వద్దు, మిసెస్ బఫ్టన్," అన్నాడు. "ఓలివ్ ఒక్క గంట బతికొస్తే చాలు."

"ఓలివా?"

"పోవడానికి పది రోజుల ముందు మా ఇంటికొచ్చింది. నడవలేని స్థితిలో వచ్చింది. వచ్చి నా చెయ్యి పట్టుకుని, 'అన్నా, నిన్ను క్షమించాను, మార్జరీ తరఫున కూడా క్షమించాను, ఇంక మనసులో పెట్టుకోకు,' అంది. నేనేమో 'నీ దయ తల్లీ' అన్నాను. థాంక్స్ చెప్పాను." టోపీ తిరగడం ఆగింది. "నా చెల్లెలు నన్ను తప్పు చేసినవాణ్ణి అనుకునే పోయింది. ఆ క్షమ నేను పుచ్చుకున్నాను. ఇప్పుడది ఎవరికి తిరిగివ్వాలి?"



హ్యూబర్ట్‌కి ఆ రోజు బాగా గుర్తుంది. జనవరి, మంచు పడుతోంది. వద్దంటే వినకుండా, "అన్నయ్యని ఒక్కసారి చూడాలి, తీసుకెళ్ళు," అని ఓలివ్ పట్టుబట్టింది. పక్కింటి వాళ్ళ కారు అడిగి, దుప్పట్లు కప్పి, ఆమెను ఆల్బన్ గుమ్మం దాకా తీసుకెళ్ళింది అతనే. నేను లోపలికి రానులే, మీరిద్దరూ మాట్లాడుకోండి అని అరగంట కార్లో కూర్చున్నాడు. బయటికొచ్చాక కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడు హాయిగా ఉంది హ్యూబర్ట్, మనసు తేలికైంది," అంది. ఏం మాట్లాడావని అతను అడగలేదు. అమ్మానాన్నల గురించి అయ్యుంటుందిలే అనుకుని, దుప్పటి సరిచేసి, కారు స్టార్ట్ చేశాడు.